ఎలుకల్లో కణితి మాయమైందన్న వార్తను రోగి కుటుంబం ఎలా చదవాలి?

ప్రశ్న: మా అన్నయ్య వయసు 56. ఎన్నడూ పొగ తాగినవాడు కాదు. ఎంతకీ తగ్గని దగ్గుకు పరీక్షలు చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, అందులో నాన్ స్మాల్ సెల్ రకానికి చెందిన ఎడినోకార్సినోమా అని, నాలుగో దశలో ఉందని తేలింది. బయాప్సీ ముక్కను జన్యు పరీక్షకు పంపారు. ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా ఒక కొత్త మందుతో ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితులు పూర్తిగా మాయమయ్యాయన్న వార్త చదివి, ఆ మందు వచ్చేవరకు కీమోథెరపీకి వెళ్ళనని అన్నయ్య పట్టుబడుతున్నాడు. వదిన భయపడుతోంది. మరోపక్క ఒక సంస్థవారు అన్నయ్య కణితి ముక్కను ఎలుకల్లో పెంచి, ఏ మందు పనిచేస్తుందో ముందే తేల్చి చెబుతామని పెద్ద మొత్తం అడుగుతున్నారు. ఏం చేయాలి? అసలు ఎలుకల మీద పనిచేసిన మందు మనిషికి పనిచేస్తుందని నమ్మవచ్చా?

జవాబు: మొదట తేల్చుకోవలసింది ఆగడం సంగతి. ఎలుకల దశలో ఉన్న మందు కోసం చికిత్స మొదలుపెట్టకుండా కూర్చోవడం ఏ విధంగానూ సరికాదు. ఈ మాట మీ అన్నగారికి మెత్తగానే అయినా, సందేహానికి తావు లేకుండా చెప్పండి. ఎలుకల్లో మంచి ఫలితం చూపిన మందు ఇతర జంతువుల్లో విషప్రభావ పరీక్షలు దాటాలి, తరువాత మనుషుల్లో మూడు దశల ప్రయోగాలు దాటాలి, ఆపైన అనుమతి పొందాలి; ఇదంతా ఏళ్ళ తరబడి సాగే పని. మనుషుల్లో తొలి దశ ప్రయోగం వరకు చేరుకున్న క్యాన్సర్ మందుల్లోనే చివరకు అనుమతి దక్కించుకున్నవి నూటికి సుమారు 5 అని 2006-2015 మధ్య కాలపు లెక్కలు చూపుతున్నాయి. మీరు చదివిన వార్త ఎలుకలకే పరిమితమైతే ఆ మందు ఈ తొలి మెట్టు దగ్గరికి కూడా ఇంకా రాలేదన్నమాట. చికిత్స లేని నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ అంతకాలం గడువు ఇవ్వదు.

జన్యు పరీక్ష ఫలితం కోసం కొద్దిరోజులు ఆగడం మాత్రం పూర్తిగా వేరే విషయం, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు. పొగ తాగని వారికి వచ్చే ఎడినోకార్సినోమాలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1, రెట్ వంటి జన్యువుల్లో ఏదో ఒకదానిలో మార్పు దొరికే అవకాశం పొగ తాగేవారిలో కంటే ఎక్కువ. అలా దొరికితే చికిత్స దారే మారిపోతుంది, చాలా సందర్భాల్లో మాత్రలతోనే మొదలవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న రోగికి ఆ సంగతి తెలియక ముందు ఇమ్యునోథెరపీ (శరీరపు రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి మళ్ళించే చికిత్స) ఇచ్చి, వెంటనే ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే ఒసిమెర్టినిబ్ అనే మాత్రకు మారిస్తే ఊపిరితిత్తుల్లో ప్రమాదకరమైన వాపు వచ్చే అవకాశం పెరుగుతుందని గమనించారు. అందుకే రోగి పరిస్థితి నిలకడగా ఉంటే డాక్టర్లు ఫలితం వచ్చేదాకా చూస్తారు, ఆగలేని స్థితి ఉంటే ఇమ్యునోథెరపీ కలపకుండా కీమోథెరపీ మాత్రమే ఆరంభిస్తారు. మీ అన్నగారి విషయంలో ఈ రెండింటిలో ఏది తగునో ఆయనను చూస్తున్న ఆంకాలజిస్టే చెప్పగలరు. బయాప్సీ ముక్క సరిపోక పరీక్ష ఆలస్యమవుతుంటే, రక్తంలో తిరుగాడే కణితి డీఎన్ఏను పరీక్షించే పద్ధతి ఉంది, దాని గురించి అడగండి.

ఇక మీ చివరి ప్రశ్నకు వస్తాను. దానికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే ‘ఎలుకల్లో పనిచేసింది’ అన్న వాక్యం సగం వాక్యమే. ఏ రకం ఎలుకల్లో అన్నది తెలిస్తేనే ఆ వాక్యానికి అర్థం వస్తుంది, వార్తల్లో సాధారణంగా కత్తిరించేది సరిగ్గా ఆ ముక్కనే.

అన్నిటికంటే తేలికైన, చవకైన పద్ధతి ఇలా ఉంటుంది: ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పెంచుతూ వస్తున్న మానవ క్యాన్సర్ కణాలను, ఉదాహరణకు 1970ల తొలినాళ్ళ నుంచి వాడుకలో ఉన్న ఏ549 కణాలను, ఎలుక పక్క భాగంలో చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. ఎలుక శరీరం వాటిని పరాయి కణాలుగా గుర్తించి తిప్పికొట్టకుండా, థైమస్ గ్రంథి లేనందువల్ల టీ కణాలు అనే రోగనిరోధక కణాలు తయారుకాని ఎలుకలను, లేదా రోగనిరోధక వ్యవస్థ దాదాపు పూర్తిగా లోపించిన ఎలుకలను ఎంచుకుంటారు. కొన్ని వారాల్లో చర్మం కింద గడ్డ లేస్తుంది, దాని పొడవు వెడల్పులను కొలతపరికరంతో కొలుస్తూ మందు ప్రభావాన్ని లెక్కగడతారు. ఈ పద్ధతిలో కణితి ఊపిరితిత్తిలో లేదు, దాని చుట్టూ ఊపిరితిత్తి కణజాలం లేదు, ఎదిరించే రోగనిరోధక శక్తి లేదు. ఒక మందు తన లక్ష్యాన్ని తాకుతోందా, కణాలను చంపగలుగుతోందా అని తెలుసుకోవడానికి ఇది చాలు. అంతకు మించిన ప్రశ్నకు ఇది జవాబివ్వదు, ఇమ్యునోథెరపీ గురించి అయితే ఏమీ చెప్పలేదు.

రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరని ఎలుకల్లో పరీక్షించాలంటే ఎలుకకే పుట్టిన కణితి కావాలి. 1951లో ఒక ఎలుక ఊపిరితిత్తిలో తనంత తాను పుట్టిన కణితి నుంచి వచ్చిన లూయిస్ లంగ్ కార్సినోమా కణాలను ఇందుకు ఇప్పటికీ వాడుతున్నారు. అదే జాతి ఎలుకలో నాటితే అవి తిరస్కారం లేకుండా పెరుగుతాయి. ఇక్కడ రోగనిరోధక శక్తి ఉంది గాని, కణితి మనిషిది కాదు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి బయటినుంచి తెచ్చి నాటిన ఈ గడ్డలు కావు, ఊపిరితిత్తిలోనే కణితి మొలకెత్తేలా జన్యువులను మార్చిన ఎలుకలు. 2001లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో టైలర్ జాక్స్ బృందం తయారుచేసిన ఎలుకలో కేరాస్ జన్యువు క్యాన్సర్‌ను కలిగించే రూపంలోనే ఉంటుంది, కాని దాని ముందు ఒక అడ్డుకట్ట ఉండి అది పనిచేయదు. ఆ అడ్డుకట్టను కత్తిరించే ఎంజైమును మోసుకెళ్ళే వైరస్‌ను ఎలుక ముక్కు ద్వారా పీల్పిస్తే, ఊపిరితిత్తిలో వైరస్ సోకిన కొన్ని కణాల్లో మాత్రమే ఆ జన్యువు మేల్కొంటుంది. మిగిలిన శరీరమంతా మామూలుగానే ఉంటుంది. కొద్ది కణాలతో మొదలై, నెలల పాటు ముదిరే ఈ తీరు మనిషిలో జరిగేదానికి బాగా దగ్గర. 2005లో దీనికి, మామూలుగా కణితులను అడ్డుకునే పీ53 జన్యువు లోపాన్ని జతచేయగా మరింత దూకుడుగా పెరిగే కణితులు వచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మరో రకమైన స్మాల్ సెల్ రకానికి 2003లో నెదర్లాండ్స్‌లో ఆంటన్ బెర్న్స్ బృందం ఆర్‌బీ1, పీ53 జన్యువులను తొలగించి ఇలాంటి నమూనానే సాధించింది.

ఈ నమూనాకూ ఒక లోటు ఉంది. పొగ తాగేవారి కణితిలో ఏళ్ళ తరబడి పోగుపడిన జన్యుమార్పులు విపరీతంగా ఉంటాయి. ఒకటి రెండు జన్యువులను మార్చి పుట్టించిన ఎలుక కణితిలో అవి చాలా కొద్ది. రోగనిరోధక కణాలు క్యాన్సర్‌ను పరాయిదిగా గుర్తుపట్టేది ఆ మార్పుల వల్లనే కనుక, ఈ ఎలుకల్లో ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయకపోవడం చూసి మనిషిలోనూ పనిచేయదని అనుకుంటే పొరపాటు.

ఏ నమూనాలోనైనా చూడవలసిన మరికొన్ని సంగతులున్నాయి. ప్రయోగాల్లో వాడేవి సాధారణంగా కొన్ని వారాల వయసున్న ఆరోగ్యవంతమైన ఎలుకలు. వాటికి గుండెజబ్బు లేదు, మధుమేహం లేదు, పొగతో పాడైన ఊపిరితిత్తులు లేవు. కణితి చిన్నగా ఉండగానే చాలా ప్రయోగాల్లో మందు మొదలుపెడతారు, మనిషిలో మాత్రం చాలాసార్లు వ్యాధి మెదడుకో ఎముకలకో పాకిన తరువాతే బయటపడుతుంది. ‘కణితి పెరుగుదల తగ్గింది’ అన్న ఫలితానికీ ‘కణితి కుంచించుకుపోయింది’ అన్న ఫలితానికీ చాలా తేడా ఉంది. మొదటిది వింటే నేను పెద్దగా కదలను. ఎలుకల గది ఉష్ణోగ్రత కూడా ఫలితాన్ని మారుస్తుందంటే మీకు వింతగా అనిపించవచ్చు. వాటికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర, ప్రయోగశాలల్లో ఉంచేది సాధారణంగా 20 నుంచి 26 డిగ్రీల మధ్య. వెచ్చగా ఉంచిన ఎలుకల్లో రోగనిరోధక కణాలు మెరుగ్గా పనిచేసి కణితులు నెమ్మదిగా పెరిగాయని 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది.

ఇంత చెప్పాక, మరి ఎలుకలను ఎందుకు వాడుతున్నారన్న సందేహం రావడం సహజం. ఎలుకలు సరైన దారి చూపిన సందర్భాలు గట్టివే. 2007లో జపాన్‌కు చెందిన హిరోయుకి మానో బృందం కొందరు రోగుల కణితుల్లో ఈఎంఎల్4, ఏఎల్‌కే అనే రెండు జన్యువులు కలిసిపోయి ఉండటాన్ని కనుగొంది. మరుసటి ఏడాదే ఆ కలయిక జన్యువును ఎలుకల ఊపిరితిత్తుల్లో పనిచేయించగా, పుట్టిన కొద్ది వారాలకే వందలాది కణితులు మొలిచాయి. ఏఎల్‌కేను అడ్డుకునే మందు ఇవ్వగానే అవి తగ్గాయి. ఈ ఒక్క జన్యువే ఆ కణితిని బతికిస్తోందని దాంతో రుజువైంది. ఏఎల్‌కేను అడ్డుకునే క్రిజోటినిబ్ అనే మందుకు అమెరికాలో 2011లోనే అనుమతి వచ్చింది. నాలుగేళ్ళలో ఇది సాధ్యమవడానికి ఆ మందు వేరే లక్ష్యం కోసం అప్పటికే మనుషుల్లో పరీక్షల్లో ఉండటం ముఖ్య కారణం, అన్ని మందులకూ ఇంత వేగాన్ని ఆశించవద్దు. అదే వరుసలో తరువాత వచ్చిన లోర్లాటినిబ్ తీసుకున్న ఏఎల్‌కే రోగుల్లో 60 శాతం మందికి అయిదేళ్ళు గడిచినా వ్యాధి ముదరలేదని 2024లో ప్రచురించిన ఫలితాలు చెబుతున్నాయి. ఈజీఎఫ్ఆర్ కథ కూడా ఇలాంటిదే. తొలి తరం మందులకు లొంగకుండా పోయిన కణితుల్లో కనిపించే టీ790ఎం మార్పును ఎలుకల్లో పెట్టి, దానిని కూడా అణచగల మందులను వెతికారు. అలా ఎలుకల్లో కణితులను కుదించిన ఒసిమెర్టినిబ్‌కు 2015లో అనుమతి లభించింది.

ఈ విజయాలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే: ఎలుక కణితికీ, రోగి కణితికీ ప్రాణాధారమైన జన్యుమార్పు ఒకటే, మందు నేరుగా దానినే కొడుతుంది. ప్రశ్న ఇంత ఇరుకుగా ఉన్నప్పుడు ఎలుక చెప్పే జవాబును బాగానే నమ్మవచ్చు. ఎంతకాలం బతుకుతారు, ఏ అవయవం దెబ్బతింటుంది, రెండు మందులు కలిస్తే ఏమవుతుంది అని ప్రశ్నను విస్తరించేకొద్దీ ఆ నమ్మకం సన్నగిల్లుతుంది.

అందుకు ఉదాహరణలు కావలసినన్ని. 1997లో అమెరికా శాస్త్రవేత్త జుడా ఫోక్‌మన్ ప్రయోగశాలలో, పైన చెప్పిన లూయిస్ కణితి ఉన్న ఎలుకలకు ఎండోస్టాటిన్ అనే ప్రోటీన్‌ను విడతలవారీగా ఇవ్వగా, కణితులు కుంచించుకుపోయి చివరకు తిరిగి పెరగడమే మానేశాయి. మరుసటి సంవత్సరం అది పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది, రోగులు ఆ మందు కోసం ఆస్పత్రులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అమెరికాలో మనుషులపై జరిగిన ప్రయోగాల్లో అది చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు. మీ అన్నగారు ఇప్పుడున్న చోట అప్పట్లో వేలాది కుటుంబాలు ఉన్నాయి.

ఇంకొకటి 2012 నాటిది. కేరాస్ మార్పు ఉన్న ఎలుకల్లో డోసిటాక్సెల్ అనే కీమో మందుకు సెల్యుమెటినిబ్ అనే మరో మందు జతచేస్తే ఫలితం మెరుగైంది. ఎల్‌కేబీ1 జన్యువు కూడా లోపించిన ఎలుకల్లో మాత్రం ఆ లాభం బాగా తగ్గింది. తరువాత కేరాస్ మార్పు ఉన్న 510 మంది రోగులపై అదే జోడీని పరీక్షించగా వ్యాధి ముదరకుండా గడిచిన కాలం 2.8 నెలల నుంచి 3.9 నెలలకు మాత్రమే జరిగింది, ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలవలేదు. ప్రయోగం జాగ్రత్తగా చేసినదే, ఎలుకలూ మంచివే. అయినా ఒకే జన్యుమార్పున్న ఎలుకల గుంపుకూ, ఒక్కొక్కరిది ఒక్కో కణితిగా ఉన్న 510 మంది మనుషులకూ మధ్య ఉన్న దూరం అది.

సోటోరాసిబ్ ఉదంతం ఇంకా సూక్ష్మమైనది, మీరు చదివినలాంటి వార్తలకు బాగా వర్తించేది. కేరాస్ జీ12సీ మార్పును అడ్డుకునే ఈ మందును, రోగనిరోధక కణాలకు కళ్ళెం వేసే పీడీ-1 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమ్యునోథెరపీతో కలిపి ఇచ్చిన ఎలుకల్లో దాదాపు అన్నిటిలోనూ కణితులు పూర్తిగా పోయాయని 2019లో ప్రకటించారు. ఆ ప్రయోగంలో వాడినవి జీ12సీ మార్పును చొప్పించిన ఎలుక పెద్దపేగు క్యాన్సర్ కణాలని శీర్షికలు చదివినవారికి తెలియదు. సోటోరాసిబ్ ఒంటరిగా మనుషుల్లో పనిచేసింది, 124 మందిలో 37 శాతం మందికి కణితి తగ్గింది, 2021లో అనుమతి వచ్చింది. కాని ఇమ్యునోథెరపీతో జోడించినప్పుడు చాలామంది రోగుల్లో కాలేయం తీవ్రంగా దెబ్బతింది. లక్ష్యం విషయంలో సరిగ్గా చెప్పిన ఎలుక కాలేయం గురించి హెచ్చరించలేకపోయింది.

అలాగని ఎలుకల్లో విఫలమైన ప్రతి ఆశనూ, మనుషుల్లో విఫలమైన ప్రతి మందునూ చెత్తబుట్టలో వేయనక్కరలేదు. స్మాల్ సెల్ రకంలో డీఎల్ఎల్3 అనే ప్రోటీన్‌ను గురిపెట్టిన తొలి మందు, రోగుల కణితులను నాటిన ఎలుకల్లో అద్భుతంగా పనిచేసి, మనుషుల్లో ఫలించక 2019లో ఆగిపోయింది. అదే ప్రోటీన్‌ను వేరే విధంగా గురిపెట్టిన టార్లాటమాబ్ 2024లో అనుమతి పొందింది. మీ అన్నగారి క్యాన్సర్ ఆ రకం కాదు గనుక దీనిని ఇంతటితో వదిలేస్తాను.

ఇక ఆ సంస్థ ప్రతిపాదన. రోగి కణితి ముక్కను నేరుగా ఎలుకలో నాటి పెంచే పద్ధతి నిజమైనదే, పరిశోధనలో దానికి మంచి స్థానం ఉంది. కాని మీ అన్నగారి పరిస్థితిలో దానికి డబ్బు పెట్టమని నేను చెప్పను. నాలుగో దశలో సాధారణంగా దొరికేది సూదితో తీసిన సన్నని ముక్క, అది జన్యు పరీక్షకే చాలీచాలకుండా ఉంటుంది. నాటిన ఊపిరితిత్తుల కణితుల్లో సగానికి పైగా పెరగకపోవడం మామూలే, అందులోనూ ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవి మరీ తక్కువగా నాటుకుంటాయి. పొగ తాగని మీ అన్నగారి కణితి ఆ కోవలోదే అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. కొన్నిసార్లు క్యాన్సర్ కణాలకు బదులు ఆ ముక్కలో ఉన్న మానవ తెల్లరక్తకణాలు పెరిగి లింఫోమాగా (ఆ కణాల క్యాన్సర్‌గా) మారతాయి, దానిని గమనించకపోతే పరీక్షంతా తప్పు కణాల మీద జరుగుతుంది. అంతా సవ్యంగా సాగినా తొలి ఎలుకలో కణితి ఎదిగి, దానిని ముక్కలు చేసి మందుకు కొన్ని చొప్పున మరిన్ని ఎలుకల్లో నాటి, ఫలితం చూసేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ఎలుకలో పెరిగే కణితి జన్యుపరంగా తనదైన దారిలో మారిపోతుందని 2017లో ఒక విస్తృత పరిశోధన చూపింది. పైగా ఈ ఎలుకలకు రోగనిరోధక శక్తి ఉండదు కాబట్టి, ఇప్పుడు మీ అన్నగారికి ఇవ్వదగిన ముఖ్యమైన చికిత్సల్లో ఒకటైన ఇమ్యునోథెరపీ గురించి అవి ఏమీ చెప్పలేవు. మానవ రక్త మూలకణాలు ఎక్కించి ఆ లోటును పూడ్చిన ఎలుకలున్నాయి గాని, వాటి రోగనిరోధక వ్యవస్థ అసంపూర్ణమే.

అయినా మీ కుటుంబం ఆ దారినే ఆలోచిస్తుంటే డబ్బు కట్టకముందు ఆ సంస్థను రాతపూర్వకంగా మూడు సంగతులు అడగండి: ఇంతవరకు నాటిన ఊపిరితిత్తుల కణితుల్లో ఎన్ని పెరిగాయి, ముక్క అందిన రోజు నుంచి నివేదిక చేతికి రావడానికి ఎంతకాలం పట్టింది, ఎంతమంది రోగుల్లో ఆ నివేదిక వచ్చేలోపే చికిత్స మొదలైపోయింది. తప్పించుకునే జవాబు వస్తే అదే జవాబనుకోండి. దీనికోసం ఉన్న బయాప్సీ ముక్కను మాత్రం జన్యు పరీక్ష పూర్తికాకుండా ఎట్టి పరిస్థితిలోనూ వారికి ఇవ్వవద్దు.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే ఆత్రుతలో ఉన్న కుటుంబాలు ఈ పొరపాటు చేస్తుంటాయి. వార్తలో వచ్చిన మందు పేరుతో ఇంటర్నెట్‌లో పొడులు దొరుకుతాయి, వాటి మీద పరిశోధన కోసమేనని రాసి ఉంటుంది. వాటిని కొనవద్దు. అందులో ఏముందో, ఎంత శుద్ధమో ఎవరూ హామీ ఇవ్వరు. ఎలుకకు కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని చదివి మనిషి బరువుతో హెచ్చవేయడం కూడా ప్రమాదమే. శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కిస్తే ఎలుక మోతాదును సుమారు 12తో భాగిస్తే తప్ప మనిషి మోతాదు రాదు, అదికూడా ప్రయోగాల ఆరంభానికి వేసుకునే అంచనా మాత్రమే. కుక్కలకు నులిపురుగుల కోసం ఇచ్చే ఫెన్‌బెండజోల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న ప్రచారం కూడా ఇలాంటిదే, అది వాడి కాలేయం దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది.

కొత్త మందు కావాలన్న మీ అన్నగారి కోరికలో తప్పు లేదు, దానికి సరైన ద్వారం మనుషులపై ఇప్పటికే జరుగుతున్న క్లినికల్ ట్రయల్. జన్యు నివేదిక రాగానే అందులో దొరికిన మార్పు పేరును, పీడీ-ఎల్1 (ఇమ్యునోథెరపీ పనిచేసే అవకాశాన్ని అంచనా వేయడానికి కణితిలో చూసే ప్రోటీన్) శాతాన్ని విడిగా రాసుకోండి. ఆ మార్పు పేరుతో, వ్యాధి పేరుతో అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ జాబితాలో వెతికితే ప్రస్తుతం రోగులను చేర్చుకుంటున్న ప్రయోగాలు కనిపిస్తాయి. ఆ పట్టికను డాక్టరు ముందు పెట్టి, ఇప్పుడు మొదలుపెట్టబోయే చికిత్స వల్ల వీటిలో దేనికైనా అర్హత పోతుందా అని అడగండి. కొన్ని ప్రయోగాలు ఇంతకుముందు ఏ చికిత్సా తీసుకోనివారినే చేర్చుకుంటాయి, కొన్ని తొలి చికిత్స విఫలమైన వారినే తీసుకుంటాయి. ఒకవేళ ఏదైనా ప్రయోగానికి పిలుపు వస్తే అది ఎన్నో దశ, ఇంతవరకు మనుషుల్లో ఎంతమందికి ఇచ్చారు, వారిలో ఎందరికి కణితి తగ్గింది, ఏ దుష్ఫలితాల వల్ల ఎందరు మానుకున్నారు అని వివరంగా తెలుసుకున్నాకే సంతకం చేయండి. ఆ వార్తలోని మందు పేరును కూడా అదే జాబితాలో వెతికి చూడండి. అక్కడ దాని పేరు కనిపించకపోతే మీ అన్నగారికి చూపడానికి అదొక్కటే చాలు.